ఇంకొక్కసారి!

సెల్‌ఫోన్ ఆటల వల్ల పిల్లలకు కలిగే చేటును గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన కళ్ళ ముందు మెదిలేవి తుపాకులు పేలే ఆటలు, నెత్తురు చిందే దృశ్యాలు. అటువంటి వాటిని ఫోనులో నుంచి తొలగిస్తే చాలు, ఇక భయం లేదని చాలామంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. అయితే హింస లేని, అసభ్యత లేని, కనీసం కథ కూడా లేని ఆటలు కొన్ని ఉన్నాయి. నాలుగు గీతలు, ఒక చిన్న బొమ్మ, ఒక అంకె. అంతే వాటి సంపద. ఆడేవారు చేయవలసిన పని కూడా ఒక్కటే: ఎదురయ్యే అడ్డంకులను తప్పించుకుంటూ వీలైనంత సేపు నిలదొక్కుకోవడం. తగిలితే ఆట ముగుస్తుంది. తెరపై వేలు ఆనిస్తే మరుక్షణమే మళ్ళీ మొదలవుతుంది. చూడటానికి ఇంత సాదాగా, నిరపాయంగా ఉండే ఈ ఆటలే పిల్లలనూ పెద్దలనూ గంటల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెడుతున్నాయి.

ఈ చిన్న ఆటలనే ఈ నెల మేము పరిశీలనకు తీసుకున్నాము. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, వీటికి ఖరీదైన ఫోను అక్కరలేదు, డబ్బు అక్కరలేదు, కొన్నింటికి నెట్ కూడా అక్కరలేదు. అందువల్ల మహానగరాలలోని పిల్లలకు ఎంత సులభంగా అందుతాయో, కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న కోసిగి వంటి ఊళ్ళలోని పిల్లలకూ అంతే సులభంగా అందుతాయి. రెండవది, పెద్ద ఆటలలో రంగులు, కథలు, బహుమతుల వెనుక దాగి ఉండే ఆకర్షణ సూత్రం ఈ చిన్న ఆటలలో ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది. ఆ సూత్రాన్ని ఒకసారి గ్రహిస్తే మన ఇంట్లో ఏమి చేయాలో నిర్ణయించుకోవడం సులువవుతుంది.

పాము నుంచి డైనోసార్ దాకా

ఈ కోవకు చెందిన ఆటలలో మన ఇళ్ళలోకి ఫోనుతో పాటు తొలిగా అడుగుపెట్టింది పాము ఆట. ఫిన్లాండ్‌కు చెందిన నోకియా సంస్థలో ఇంజనీరుగా ఉన్న తనేలి అర్మాంటో దీనిని 1997లో నోకియా 6110 ఫోను కోసం రూపొందించారు. మేత తిన్నకొద్దీ పాము పొడవు పెరుగుతుంది. గోడకు గాని, తన ఒంటికి తానే గాని తగిలితే ఆట ముగుస్తుంది. 2003లో వచ్చి మన దేశంలో పల్లెపల్లెకూ చేరిన నోకియా 1100 ఫోనులో దీని రెండవ రూపం ఉండేది. నేడు పిల్లల మీద కోప్పడుతున్న తల్లిదండ్రులలో అనేకులు ఒకప్పుడు బొటనవేలితో ఆ పామును మేపినవారే.

2012లో ఐర్లాండ్‌కు చెందిన టెర్రీ కావనా ‘సూపర్ హెక్సగన్’ అనే ఆటను విడుదల చేశారు. మధ్యలో ఒక షడ్భుజి; దాని చుట్టూ తిరిగే ఒక చిన్న త్రిభుజం. నలువైపుల నుంచి గోడలు ముంచుకు వస్తుంటాయి. వాటి మధ్యనున్న సందులోకి త్రిభుజాన్ని తప్పించాలి. కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, ఇవి తప్ప ఆటలో మరో పనే లేదు. ఒక దశను దాటాలంటే 60 సెకన్లు నిలవాలి. వినడానికి ఇది ఎంతో స్వల్పంగా తోస్తుంది. కొత్తగా ఆడేవారు కొద్ది సెకన్లకే ఓడిపోతారు. నిలిచిన కాలాన్ని బట్టి రేఖ, త్రిభుజం, చతురస్రం, పంచభుజి అంటూ ఒక స్త్రీ కంఠం మెట్టు మెట్టుకూ పేరు చెబుతుంది. ఓడిన వెంటనే వేలు తాకిస్తే చాలు, గోడలు మళ్ళీ ముంచుకు వస్తాయి.

వియత్నాంకు చెందిన డాంగ్ న్గుయెన్ అనే యువకుడు కొద్ది రోజులలోనే తయారు చేసి 2013 మే నెలలో విడుదల చేసిన ‘ఫ్లాపీ బర్డ్’ కథ మరింత విచిత్రమైనది. తెరను తట్టితే పిట్ట పైకి ఎగురుతుంది, తట్టకపోతే కిందికి జారుతుంది. పచ్చని గొట్టాల మధ్య సందులో నుంచి దానిని దాటించాలి. ఎన్ని గొట్టాలు దాటితే అన్ని పాయింట్లు. నెలల తరబడి ఎవరూ పట్టించుకోని ఈ ఆట 2014 జనవరిలో అనేక దేశాలలో మొదటి స్థానానికి చేరింది. ప్రకటనల ద్వారా దానికి రోజుకు దాదాపు 50,000 డాలర్ల ఆదాయం వస్తున్నట్లు నాటి పత్రికలు రాశాయి. అటువంటి స్థితిలో 2014 ఫిబ్రవరిలో న్గుయెన్ తన ఆటను తానే ఉపసంహరించుకున్నారు. తీరికగా ఉన్నప్పుడు కొద్ది నిమిషాలు ఆడుకోవడానికి దానిని తయారు చేశాననీ, అది వ్యసనంగా మారిపోవడం సమస్య అయిందనీ, అందుకే తొలగించాననీ ఆయన ఆ తర్వాత పత్రికల వారికి వివరించారు.

నాలుగవది మన పిల్లలకు అన్నిటికంటే సుపరిచితమైనది. నెట్ అందనప్పుడు క్రోమ్ బ్రౌజర్ తెరపై బూడిదరంగు డైనోసార్ ఒకటి నిలబడుతుంది. తాకితే అది ఎడారిలో పరుగెత్తడం ప్రారంభిస్తుంది. బ్రహ్మజెముడు మొక్కల మీదుగా దూకించాలి. పోగాపోగా ఎగిరివచ్చే పక్షుల కింద వంచాలి. పరుగు క్రమంగా వేగం పుంజుకుంటుంది. 2014లో గూగుల్ సంస్థ దీనిని ప్రవేశపెట్టింది. నెట్ లేకపోవడమంటే ఆదిమ యుగానికి తిరిగి వెళ్ళడమే అన్న చమత్కారంతో వారు డైనోసార్‌ను ఎంచుకున్నారు. నెలకు సుమారు 27 కోట్ల సార్లు ఈ ఆట ఆడుతున్నారనీ, మొబైల్ డేటా ఖరీదుగా గాని నిలకడ లేకుండా గాని ఉన్న భారత్, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా వంటి దేశాల వారే ఇందులో ఎక్కువమంది అనీ 2018లో ఆ సంస్థే వెల్లడించింది. బడులలో పిల్లలు, కార్యాలయాలలో ఉద్యోగులు పని మాని దీనినే ఆడుతుండటంతో, ఆయా సంస్థల నిర్వాహకులు ఆటను నిలిపివేసుకునే ఏర్పాటు కూడా చేయవలసి వచ్చింది. సిగ్నల్ వచ్చేదాకా కాలక్షేపం కోసం పెట్టిన ఆట, సిగ్నల్ వచ్చాక కూడా మనిషిని వదలలేదన్నమాట.

పట్టు ఎక్కడ ఉంది?

ఈ నాలుగు ఆటలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని సమాన లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది, ఓటమికి ఖరీదు లేదు. అరనిమిషంలో మొదలై అరనిమిషంలో ముగిసే ఆటలో ఓడిపోతే పోయేది ఏముంది? అందుకే ‘ఇంకొక్కసారి’ అనడం అంత తేలిక. ఒక్కొక్క ఆట అరనిమిషమే గనుక ఆడేవారికి గంట గడిచిన సంగతి తెలియదు. వంద రూపాయల నోటు ఖర్చు చేయడానికి వెనుకాడే మనిషి, చిల్లర పైసలను మాత్రం లెక్క చూసుకోకుండా ఖర్చు పెట్టడం వంటిదే ఇది.

రెండవది, ఓటమికీ తిరిగి ఆడటానికీ మధ్య ఎడం లేదు. మనిషి ఒక పనిని ఆపాలంటే ఆలోచించుకోవడానికి ఒక్క క్షణమైనా కావాలి. ఈ ఆటలు ఆ క్షణాన్ని దొరకనివ్వవు. ఓడిన చోటనే, ఓడిన వేలి కిందనే, మళ్ళీ మొదలుపెట్టే మీట సిద్ధంగా ఉంటుంది.

మూడవది, తప్పు ఎప్పుడూ తనదిగానే తోస్తుంది. నియమం చాలా సరళమైనది; అడ్డంకి కళ్ళకు కనబడుతూనే ఉంది; వేలు ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. ‘ఆట అన్యాయంగా ఉంది’ అని తప్పుకునే వీలు లేదు. ‘ఈసారి తప్పకుండా దాటగలను’ అన్న నమ్మకం ప్రతి ఓటమి నుంచీ కొత్తగా పుడుతుంది. కొద్దిలో తప్పిపోయిన గెలుపు మనసును ఎంతగా లాగుతుందో శాస్త్రజ్ఞులు కూడా పరిశీలించారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, జూదపు యంత్రాన్ని పోలిన ఆటలో గెలుపు అంచుదాకా వచ్చి తప్పిపోయినప్పుడు, నిజంగా గెలిచినప్పుడు చలించే మెదడు భాగాలే కొంతవరకు చలించినట్లు తేలింది. అటువంటి ఓటమి తమకు అయిష్టంగా ఉందని చెప్పినవారే, మళ్ళీ ఆడాలన్న కోరిక పెరిగిందని కూడా చెప్పారు.

నాలుగవది, కష్టం చేతనైనదానికి ఒక్క మెట్టు పైననే ఉంటుంది. పని మరీ సులువైతే విసుగు, మరీ కఠినమైతే దిగులు. ఆ రెండింటికీ మధ్య, నేర్పునంతా ఉపయోగించవలసిన స్థాయిలో ఉన్న పనిలో మనిషి కాలాన్నీ తననూ మరచి లీనమైపోతాడని మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ తన జీవితకాల పరిశోధనలో వివరించారు. మగ్గం మీద కూర్చున్న ఎమ్మిగనూరు నేతగాడు, లెక్క సాధిస్తున్న విద్యార్థి, వంటలో నిమగ్నమైన ఇల్లాలు, వీరంతా ఎరిగిన స్థితే అది. అది మంచి స్థితి. నేతగాడు ఆ స్థితిలో నుంచి లేచేసరికి చేతిలో బట్ట ఉంటుంది. డైనోసార్‌ను పరుగెత్తించిన పిల్లవాడు లేచేసరికి తెర మీద ఒక అంకె మిగులుతుంది.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ ఆటలలో పెక్కింటికి ముగింపు లేదు. డైనోసార్ చేరవలసిన ఊరు లేదు. పిట్ట వాలవలసిన చెట్టు లేదు. ఎంత బాగా ఆడినా ఆట ఓటమితోనే ఆగుతుంది. గెలిచి, తృప్తిగా లేచే అవకాశం ఆడేవారికి లేదు గనుక లేవవలసిన సమయం ఎప్పటికీ రాదు.

మన ఊరి ఆటలతో పోల్చి చూస్తే ఈ తేడా ఇట్టే బోధపడుతుంది. గోలీల ఆట గోలీలు అయిపోతే ఆగుతుంది. చిల్లాకట్టె ఆడేవారికి పొద్దు గుంకితే చిల్ల కనబడదు. కబడ్డీలో కాళ్ళు అలసిపోతాయి. పులిమేకలో మేకలు చిక్కడమో, పులులు బంధించబడటమో జరిగి తీరుతుంది. ఎదుటివాడిని వాళ్ళ అమ్మ పిలిస్తే ఆట అక్కడికి సరి. వెలుతురు, ఆకలి, అలసట, తోటివారు, ఇన్ని విధాల ఆగే చోట్లు ఆ ఆటలలో వాటంతట అవే ఉండేవి. ఫోనులోని ఆటకు వెలుతురు తానే ఇస్తుంది. తోడు అవసరం లేదు. బొటనవేలు అంత త్వరగా అలసిపోదు. ఆగే చోట్లన్నీ ఒక్కొక్కటిగా తొలగిపోయిన ఆట ఇది.

కోసిగి ఇళ్ళలో ఫోను పాత్ర

‘అయితే ఫోను లాక్కుంటే సరిపోతుంది కదా’ అని పట్టణాలలోని పాఠకులు అనవచ్చును. కోసిగి ప్రాంతపు జీవనం తెలిసినవారు అంత సులువుగా అనలేరు.

కోసిగి మండలం తుంగభద్రకు చేరువలోనే ఉన్నా, ఇక్కడి సేద్యంలో అధికభాగం వాన మీదనే ఆధారపడి ఉంది. ఖరీఫ్ పనులు ముగిసి ఊళ్ళో కూలి దొరకని కాలంలో వేలాది కుటుంబాలు సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణ జిల్లాలకు పత్తి తీయడానికి, బెంగళూరుకు భవన నిర్మాణ పనులకు వెళ్ళే ఈ వలస, పడమటి కర్నూలులో ఏటా జరిగేదే. గుంతకల్లు-రాయచూరు మార్గంలోని కోసిగి రైల్వే స్టేషన్‌లో మూటాముల్లెలతో, పిల్లాపాపలతో రైలుకోసం వేచి ఉండే కుటుంబాలు ఆ కాలంలో కనిపిస్తూనే ఉంటాయి. కొందరు పిల్లలను వెంట తీసుకుపోతారు; వారి చదువు అక్కడితో తెగుతుంది. మరికొందరు బడి మాన్పించడం ఇష్టంలేక అవ్వాతాతల దగ్గర వదిలి వెళతారు. అటువంటి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళను కూడా నడుపుతూ వస్తోంది.

అవ్వ దగ్గర ఉన్న పిల్లవాడికీ, వందల కిలోమీటర్ల దూరంలో మిరప చేనులో ఉన్న అమ్మకూ మధ్య ఉన్న ఒకే ఒక దారం ఫోను. అమ్మ గొంతు వినిపించేది అందులోనే, ముఖం కనిపించేది అందులోనే, కూలి డబ్బులు చేరినట్లు సందేశం వచ్చేదీ అందులోనే. దానిని లాక్కోవడమంటే ఆ దారాన్ని తెంపడమే. పైగా అవ్వకు తెర మీది సంగతులు తెలియవు. డైనోసార్ బొమ్మను చూసి, ‘ఏదో బొమ్మ ఆటలే, పాపం అమ్మానాన్న లేని పిల్లవాడు, ఆడుకోనీ’ అనుకుంటుంది. ఆమె అనుకున్నదాంట్లో తప్పు పట్టవలసినది కూడా ఏమీ లేదు.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మమైన ప్రమాదం ఉంది. ప్రాణాలు నిలబెట్టుకునే ఈ ఆటలలో, ఆట మధ్యలో ఫోను మోగితే తెర మారిపోతుంది, ఆట చెడిపోతుంది. పగలంతా వంగి కాయలు కోసి, సాయంత్రం గుడిసె ముందు కూర్చుని తల్లి చేసే ఫోను, ఆ క్షణంలో పిల్లవాడికి మరొక బ్రహ్మజెముడు మొక్కగా, తప్పించుకోవలసిన మరొక అడ్డంకిగా మారే అవకాశం ఉంది. వేలు ఎర్ర మీట వైపు జరిగితే, ‘నెట్‌వర్క్ లేదేమో’ అనుకుని తల్లి ఊరుకుంటుంది. తల్లీబిడ్డలను కలపడానికి ఇంట ఉంచిన వస్తువు అలా వారి మధ్యనే అడ్డుగా నిలుస్తుంది. చదువు, నిద్ర, కళ్ళు, వీటికి కలిగే నష్టాన్ని గురించి అందరూ హెచ్చరిస్తూనే ఉన్నారు. ఈ నష్టం మాత్రం ఏ లెక్కలోనూ కనబడదు.

అలవాటా? వ్యాధా?

ఆటను ఇష్టపడే ప్రతి పిల్లవాడినీ వ్యసనపరుడని ముద్ర వేయడం సరికాదు. ఆట మనిషి నైజంలో ఉన్నదే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగుపందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో నమోదై ఉంది. వినోదాన్ని మొత్తంగా నిషేధించే ఇల్లు పిల్లలను చాటుమాటు పనుల వైపు నెడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో చేర్చింది. 2019 మే నెలలో ఆమోదం పొందిన ఈ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మూడు గుర్తులను పేర్కొన్నారు. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్న వాటిపై అదుపు తప్పడం మొదటిది. తిండి, నిద్ర, చదువు, బంధుమిత్రులు అన్నిటికంటే ఆటకే ప్రాధాన్యం పెరగడం రెండవది. నష్టం జరుగుతున్నదని తెలిసి కూడా కొనసాగించడం లేదా మరింత పెంచడం మూడవది. జీవితానికి గణనీయమైన హాని కలిగించే స్థాయిలో ఇవి సాధారణంగా 12 నెలల పాటు కనిపిస్తేనే దానిని వ్యాధిగా నిర్ధారిస్తారు. ఆటలాడేవారిలో ఈ స్థితికి చేరేవారు కొద్దిమందేనని ఆ సంస్థే స్పష్టం చేసింది.

కాబట్టి సెలవు రోజున గంటసేపు ఫోను పట్టుకున్న పిల్లవాడిని చూసి హడలిపోనవసరం లేదు. కానీ, ఆట ఆపమంటే వస్తువులు విసిరికొట్టడం, దుప్పటి కింద అర్ధరాత్రి దాకా ఆడటం, ఇష్టమైన స్నేహితులను కూడా తప్పించుకోవడం, ఫోను కోసం అబద్ధాలాడటం వారాల తరబడి కొనసాగుతుంటే మాత్రం ఉపేక్షించరాదు.

అదే ఆటకు డబ్బు తోడైతే

పెద్దపిల్లలు, యువకులు ఉన్న ఇళ్ళవారు మరొక విషయం తెలుసుకోవాలి. ఈ చిన్న ఆటల రూపాన్నే అరువు తెచ్చుకుని జూదం తయారైంది. ‘ఏవియేటర్’ వంటి ఆటలు ఇందుకు ఉదాహరణ. తెర మీద ఒక చిన్న విమానం, పైకి లేచే ఒక గీత, పెరిగే ఒక అంకె. విమానం మాయమయ్యేలోపు పందెం సొమ్ము వెనక్కు తీసుకోవాలి. క్షణం ఆలస్యమైతే అంతా పోతుంది. చూడటానికి డైనోసార్ ఆటకు తోబుట్టువులాగే ఉంటుంది. అవే కొద్ది సెకన్లు, అదే ‘కొద్దిలో తప్పింది’ అన్న భావన, అదే ‘ఇంకొక్కసారి’.

కానీ తేడా చాలా పెద్దది. డైనోసార్ ఆటలో వేలి నేర్పు నిజంగానే పనిచేస్తుంది. సాధన చేస్తే స్కోరు పెరుగుతుంది. ఇక్కడ విమానం ఎప్పుడు మాయమవుతుందో ముందే యంత్రం నిర్ణయిస్తుంది. ఆడేవారి నేర్పుకు చోటు లేదు. చిన్న ఆటలలో ‘తప్పు నాదే, ఈసారి సరిదిద్దుకుంటాను’ అని అలవాటుపడిన మనసు, ఇక్కడ కూడా అలాగే నమ్మి అప్పుల పాలవుతుంది. మట్కా చీటీల వల్ల కుదేలైన కుటుంబాలను ఎరిగిన ఈ ప్రాంతానికి దీని పర్యవసానం వేరుగా చెప్పనవసరం లేదు. చీటీ రాయించుకోవడానికి వీధిలోకి వెళ్ళవలసి వచ్చేది; ఇది పడక మీదికే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని దాని పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల నియంత్రణ చట్టాన్ని ఆమోదించగా, ఆ నెల 22న రాష్ట్రపతి సమ్మతి లభించింది. డబ్బు పందెంతో ఆన్‌లైన్ ఆటలు నిర్వహించేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించే వీలును ఆ చట్టం కల్పించింది. దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో మద్యంతో పాటు జూదాన్ని కూడా నిషేధించిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. తెర మీద విమానం బొమ్మ వేసినంత మాత్రాన జూదం ఆట అయిపోదు. కొడుకు ఫోనులో ఉన్నది ఏ కోవకు చెందినదో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘దీనిలో డబ్బు పెట్టాలా?’

ఆగే చోటును మనమే కట్టాలి

ఆటలో ఆగే చోటు లేకపోవడమే పట్టుకు మూలమైతే, ఆగే చోటును ఇంట్లో ఏర్పరచడమే దానికి విరుగుడు. ఇందుకు తోడ్పడే కొన్ని పద్ధతులను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నిమిషాల లెక్క కంటే ఆటల లెక్క మేలు. ‘పది నిమిషాలే’ అంటే, పదవ నిమిషానికి పిల్లవాడు ఆట మధ్యలో ఉంటాడు. అప్పుడు లాక్కుంటే కోపం రావడం సహజం. ‘ఎనిమిదిసార్లు ఓడిపోయే వరకు ఆడుకో, ప్రతిసారీ బిగ్గరగా లెక్క చెప్పు’ అంటే ఆగే చోటు ఆటలోనే దొరుకుతుంది. చదువురాని అవ్వ కూడా వేళ్ళ మీద లెక్క పెట్టగలదు. బిగ్గరగా లెక్క చెప్పడం వల్ల, ఓటమికీ తిరిగి ఆడటానికీ మధ్య పోయిన ఆ ఒక్క క్షణం తిరిగి వస్తుంది.

దినచర్యలో ముందే ఉన్న ఆగే చోట్లను వాడుకోవాలి. రోజులో ఐదుసార్లు అజాన్ వినిపించే ఇళ్ళకు ఇది పెద్ద వసతి. అజాన్ వినగానే ఫోను పెద్దవారి చేతికి ఇవ్వాలన్న నియమం పెట్టుకుంటే, ఆపమని చెప్పేది అమ్మో అవ్వో కాకుండా ఆ పిలుపే అవుతుంది. రోజూ జరిగే గొడవ తగ్గుతుంది. అయితే ఈ నియమం పెద్దలకూ వర్తించాలి. తండ్రి రీల్స్ చూస్తూ కొడుకును ఫోను పెట్టెయ్యమంటే ఆ మాటకు బరువుండదు.

సుగ్గికి వెళ్ళిన తల్లిదండ్రులు ఫోను చేసే వేళ ఒకటి నిర్ణయించుకోవాలి. ఆ వేళకు అరగంట ముందు నుంచి ఫోనులో ఆట ఉండకూడదు. ఆ సంభాషణలో ‘చదువుతున్నావా, తిన్నావా’ అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టక, ‘ఈరోజు ఎన్ని గొట్టాలు దాటావు?’ అని కూడా అడగవచ్చును. పిల్లవాడి లోకంలోకి తల్లి తొంగిచూసిందని తెలిస్తే, ఆమె పిలుపు వాడికి అడ్డంకిగా తోచదు.

రాత్రివేళ ఫోను పడక దగ్గర ఉండరాదు. ఛార్జింగ్ పెట్టే చోటును వంటగదికో, పెద్దవారు పడుకునే చోటికో మార్చాలి. ఫోనులోనే ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్ అనే ఏర్పాటుతో ఒక్కొక్క యాప్‌కు రోజువారీ పరిమితి పెట్టవచ్చును. గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా, తమ సొంత ఫోను ఉన్న పిల్లలకు దూరాన ఉన్న తల్లిదండ్రులు కూడా వేళలు నిర్ణయించవచ్చును. మసీదుకు వచ్చే చదువుకున్న యువకులు, ఇరుగుపొరుగున అవ్వాతాతల దగ్గర ఉన్న పిల్లల ఫోన్లలో వీటిని అమర్చిపెడితే అది గొప్ప సేవ అవుతుంది.

ఆటను తీసివేసిన చోట మరొక ఆటను ఉంచాలి. సాయంత్రం బయట ఆడుకునే చోటు, ఆడేందుకు తోడు లేనప్పుడే పిల్లలు ఫోనును ఆశ్రయిస్తారు. అవ్వాతాతలకు పులిమేక, అష్టాచెమ్మా వచ్చును. నేర్పేందుకు ఓపికా ఉంటుంది. కొంచెం పెద్ద పిల్లలకైతే ఇటువంటి ఆటను స్వయంగా తయారుచేసుకునే దారి చూపవచ్చును. అమెరికాలోని ఎమ్.ఐ.టి. సంస్థ 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’ అనే ఉచిత సాధనంతో, బడిలోని కంప్యూటరు మీద ఒక డైనోసార్‌ను దూకించడం హైస్కూలు విద్యార్థికి అసాధ్యమేమీ కాదు. తాను తయారుచేసిన ఆటలో అడ్డంకి ఎప్పుడు రావాలో, వేగం ఎంత పెరగాలో తానే నిర్ణయించిన పిల్లవాడికి ‘ఇంకొక్కసారి’ వెనుక ఉన్న కిటుకు తెలిసిపోతుంది.

ఇన్ని చేసినా పరిస్థితి చేయి దాటిందనిపిస్తే సహాయం కోరడానికి సిగ్గుపడరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన జాతీయ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌కు 14416 నంబరు ద్వారా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో, సాంకేతిక పరికరాల మితిమీరిన వాడకంతో బాధపడేవారి కోసం ‘షట్’ క్లినిక్ 2014 నుంచి పనిచేస్తోంది. పని కోసం బెంగళూరు వెళ్ళే కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

డాంగ్ న్గుయెన్ తన ఆటకు తానే ముగింపు పలికారు. రోజుకు వేల డాలర్లు తెచ్చే వస్తువును అలా వదులుకునేవారు అరుదు. మిగిలిన ఆటలను తయారుచేసినవారు ఆపుతారని మనం ఎదురుచూడలేము. ఆ పని ఇంట్లోని పెద్దలదే. చాలా ఇళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టే ఒక అవ్వది. ఈ సుగ్గికి బయలుదేరే ముందు, మూటాముల్లె సర్దుకునే రోజుననే, ఫోను చేసే వేళ ఏదో, ఆటకు లెక్క ఎంతో, రాత్రి ఫోను ఎక్కడ ఉంచాలో పిల్లవాడినీ అవ్వనూ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి. దానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే.